ఆగకూడని యంత్రము: రాడారు వలకు కంప్యూటరును ఎన్నుకొన్న చరిత్ర

1949 ఆగస్టు 29వ తేదీన సోవియట్ యూనియన్ తన మొదటి అణుబాంబును పరీక్షించెను. సెప్టెంబరు 23వ తేదీన అమెరికా ప్రభుత్వము ఈ సంగతిని ప్రజలకు వెల్లడించినది. అంతవరకు అమెరికా ప్రజలు అట్లాంటిక్, పసిఫిక్ మహాసముద్రములను తమ దేశమునకు రెండు అగడ్తలుగా భావించుచుండిరి. ఉత్తర ధ్రువము మీదుగా వచ్చు బాంబరు విమానమునకు ఈ అగడ్తలు అడ్డము కావని వారికి ఇప్పుడు తెలిసివచ్చెను.

విమానములను దూరమునుండి కనిపెట్టు రాడారు అప్పటికే బాగుగా వాడుకలో ఉండెను. కాని రాడారు కిరణము ఇంచుమించు సరళరేఖలో పోవును. భూమి గుండ్రముగా ఉన్నది. అందువలన చాల తక్కువ ఎత్తున ఎగురు విమానము దూరపు రాడారుకు కనబడదు. దానిని పట్టుకొనవలెనన్న దగ్గర దగ్గరగా ఎన్నో చిన్న రాడారులను నెలకొల్పవలెను. ఇచ్చట క్రొత్త చిక్కు వచ్చి పడినది. ఒక్కొక్క రాడారు తన చుట్టుపట్ల నున్న దానిని మాత్రమే చెప్పును. వాటి కబుర్లనన్నిటిని ఒకచోట చేర్చి, ఒకే విమానమును రెండు రాడారులు చూచిన రెండుగా లెక్కింపక, అది ఎటు పోవుచున్నదో నిర్ణయించువారెవరు? యుద్ధకాలములో ఈ పని మనుష్యులే చేసిరి. ఒకరు తెర చూచి టెలిఫోనులో చెప్పుదురు. మరియొకరు విని బల్లమీది పటముపై గుర్తు పెట్టుదురు. దీనికి నిమిషములు పట్టును. గంటకు 800 కిలోమీటర్లు పోవు విమానము ఒక్క నిమిషములో 13 కిలోమీటర్లు దాటును.

నేడు విద్యుత్తు సరఫరా వలలను, టెలిఫోను వలలను, ఇంటర్నెట్‌ను రాత్రింబగళ్ళు కనిపెట్టి చూచుటకు కంప్యూటరులున్నవి. అట్టి పనికి ఏ యంత్రమును కొనవలెను, ఎంత స్మృతి ఉండవలెను, అది చెడిపోయినచో ఏమి చేయవలెను అను ప్రశ్నలు ఇంత పెద్ద ఎత్తున మొదట ఎదురైనది ఈ రాడారు వల విషయముననే. తరువాత ఈ వలకు ‘సేజ్’ అని పేరు పెట్టిరి.

అమెరికా వైమానిక దళము కోరగా, మాసచూసెట్స్ సాంకేతిక విద్యాసంస్థకు చెందిన భౌతికశాస్త్రజ్ఞుడు జార్జి వాలీ నాయకత్వమున ఒక సంఘము ఏర్పడెను. లెక్కలు వేగముగా చేయు యంత్రము కావలెనని వాలీ వెదకుచుండెను. 1950 జనవరిలో సహోద్యోగి జెరోమ్ వీస్నర్, అటువంటి యంత్రమొకటి తమ సంస్థలోనే తయారగుచున్నదని ఆయనకు చెప్పెను. దాని పేరు ‘వర్ల్‌విండ్’, అనగా సుడిగాలి. దానిని నిర్మించుచున్నవారు జే ఫారెస్టర్, రాబర్ట్ ఎవరెట్ అను యువ ఇంజనీర్లు. మొదట విమాన చోదకుల శిక్షణ కొరకు నౌకాదళము తలపెట్టిన పని అది. ఖర్చు పెరిగి, ప్రయోజనము కనబడక, నౌకాదళము దానిపై విసిగి యుండెను. వాలీ రాకతో ఆ యంత్రమునకు క్రొత్త ఆయువు కలిగినది.

ఆ కాలపు ఇతర కంప్యూటరులు లెక్కను పుచ్చుకొని, తమకు తీరినప్పుడు జవాబు చెప్పెడివి. జవాబు గంట ఆలస్యమైనను గణితశాస్త్రజ్ఞునకు నష్టము లేదు. వర్ల్‌విండ్‌ను అట్లు కట్టలేదు. చోదకుడు మీట త్రిప్పిన క్షణముననే జవాబు రావలెనని దానిని మొదటినుండి వేగము కొరకే రూపొందించిరి. 1951 ఏప్రిల్ 20వ తేదీన దీనికి పరీక్ష జరిగెను. సమీపమునందలి రాడారునుండి టెలిఫోను తీగపై వచ్చు వార్తలను బట్టి వర్ల్‌విండ్ ఒక విమానము జాడను కనిపెట్టి, దానిని ఎదుర్కొను మరియొక విమానమునకు దారి చూపెను. మూడు మార్లును చోదకుడు లక్ష్యమునకు వెయ్యి గజముల లోపునకు చేరగలిగెను. ఆ సంవత్సరమే ఈ పనికై లింకన్ ప్రయోగశాలను స్థాపించిరి.

ఐనను ప్రయోగశాలలో కొన్ని గంటలు పనిచేసి మెప్పించుట వేరు, దేశమంతట ఏళ్ళ తరబడి ఆగక పనిచేయుట వేరు. ఆ నాటి కంప్యూటరులు రేడియోలలో ఉండునట్టి వాల్వులతో చేసినవి. వాల్వు వేడెక్కును, అరుగును, ఒకనాడు ఆరిపోవును. ఇంటి రేడియోలో ఐదారు వాల్వులే కనుక సంవత్సరమున కొకమారు ఒకటి మార్చినచో చాలును. తుదకు తయారైన సేజ్ యంత్రములో సుమారు 25,000 వాల్వులుండెను. విద్యార్థులు ఒక చిన్న లెక్క చేసి చూడవచ్చును. వాల్వు సగటు ఆయువు 10,000 గంటలనుకొందము. అనగా ఏడాది పైచిలుకు. 25,000 వాల్వులు గల యంత్రములో సగటున 24 నిమిషముల కొకటి చెడవలెను! ఒక్కటి చెడినను మొత్తము లెక్క తప్పిపోవచ్చును. ఈ సంఖ్యలు ఉదాహరణకు తీసుకొన్నవే ఐనను, ఇట్టి యంత్రము ఎన్నటికి నిలువదని ఆ నాడు అనుకొన్నవారి భయము ఎందుకో వీటివలన తెలియును.

ఫారెస్టర్ బృందము ఈ భయమును రెండు విధముల ఎదుర్కొనెను. మొదటిది, వాల్వు ఎందుకు చెడుచున్నదో పరిశోధించుట. చాలసేపు విద్యుత్తును పోనీయక ఊరకుండు వాల్వులే త్వరగా బలహీనపడుచుండెను. కంప్యూటరులో వాల్వుకు ఇట్టి స్థితి సామాన్యము. రేడియోలో అట్లు కాదు. వాల్వు లోపలి కాథోడు నికెలులో కలసియున్న సిలికాన్ వలన ఒక పలుచని పొర ఏర్పడి ఎలక్ట్రానులకు అడ్డు తగులుచున్నదని తేలెను. సిలికాన్ లేని నికెలుతో వాల్వులను చేయించిరి. వాటి ఆయువు ఎన్నో రెట్లు పెరిగెను. రెండవ ఉపాయము ఇంకను యుక్తమైనది. ప్రతిదినము కొంతసేపు యంత్రమునకు ఇచ్చు వోల్టేజిని కావలెనని హెచ్చించి తగ్గించి, తెలిసిన లెక్కలను చేయింతురు. బలముగా ఉన్న వాల్వు ఈ ఒత్తిడికి తట్టుకొనును. నేడో రేపో చెడబోవునది ఇప్పుడే తప్పు చేయును. దానిని తీసి క్రొత్తది పెట్టుదురు. జబ్బు బయట పడక ముందే పట్టుకొను వైద్యము వంటిదిది.

వాల్వులకన్న పెద్ద తలనొప్పి స్మృతి. యంత్రము తన లెక్కలను, ఆజ్ఞలను దాచుకొను చోటునకు స్మృతి యని పేరు. వర్ల్‌విండ్‌లో ఇందుకై టెలివిజన్ గొట్టము వంటి ప్రత్యేకపు గొట్టములుండెను. వాటి లోపలి తెరపై విద్యుదావేశపు చుక్కలుగా అంకెలు నిలిచెడివి. గొట్టములను సంస్థలోనే ఎంతో ఖర్చుతో, ఎంతో శ్రమతో చేసిరి. ఒక్కొక్కటి సుమారు నెల దినములు మాత్రమే పనిచేసెడిది. చుక్కలు చెదరుచు తప్పులు దొర్లుచుండెను.

1949లో ఫారెస్టర్ ఒక పత్రికలో అయస్కాంత పదార్థమును గూర్చిన ప్రకటన చూచి, దానితో స్మృతిని నిర్మింపవచ్చునా అని ఆలోచించెను. తరువాత ఆ ఆలోచన ఫెర్రైట్ అను పింగాణి వంటి పదార్థముతో చేసిన చిన్న పూసల రూపము దాల్చినది. పూస రంధ్రములో తీగ దూర్చి విద్యుత్తును పంపినచో పూస అయస్కాంతమగును. విద్యుత్తును ఆపినను ఆ గుణము నిలిచి యుండును. ఎదురు దిశలో పంపినచో అయస్కాంతత్వము తిరుగబడును. ఒక దిశను 0 అనియు, రెండవదానిని 1 అనియు అనుకొన్నచో, ప్రతి పూస ఒక అంకెను దాచుకొనును. తరగతిలో హిస్టరిసిస్ రేఖను బోధించు ఉపాధ్యాయులకు ఇంతకన్న మంచి ఉదాహరణము దొరకుట కష్టము. ఆ రేఖ ఇంచుమించు చతురస్రముగా ఉన్న పదార్థమే ఈ పనికి తగును. ఏలయన, నియమిత విద్యుత్తులో సగమిచ్చినచో పూస చలింపరాదు. నిండుగా ఇచ్చినచో పూర్తిగా తిరుగవలెను.

ఈ సగమునందే కిటుకంతయు ఉన్నది. 32 అడ్డ తీగలను, 32 నిలువు తీగలను వలవలె అల్లి, వాటి 1,024 కూడళ్ళలో 1,024 పూసలు గ్రుచ్చుదురు. 7వ అడ్డ తీగలో సగము, 19వ నిలువు తీగలో సగము విద్యుత్తును పంపినచో ఆ రెండు తీగలు కలియు చోటనున్న పూసకు మాత్రమే నిండు మోతాదు అందును. తక్కిన పూసలలో కొన్నిటికి సగమందును, చాలవాటికి ఏమియు అందదు. 64 తీగలతో 1,024 పూసలలో దేనినైనను పిలువవచ్చును. వ్రాసినదానిని చదువుట మాత్రము చిత్రముగా ఉండును. పూసను 0 వైపునకు త్రిప్పి చూతురు. అది 1గా ఉండి తిరిగినచో మరియొక తీగలో చిన్న విద్యుత్ స్పందనము పుట్టును. కాని చదివిన మరుక్షణమే వ్రాత చెరిగిపోవును గదా! కనుక చదివినదానిని వెంటనే మరల వ్రాయవలెను. అయస్కాంత వలయములను గూర్చి ఆ కాలముననే హార్వర్డులో ఆన్ వాంగ్, ఆర్.సి.ఎ. సంస్థలో యాన్ రాయిక్‌మన్ కూడ కృషి చేసిరి. హక్కులను గూర్చి తగవులు చాలకాలము నడిచి, 1964లో ఐ.బి.ఎం. సంస్థ మాసచూసెట్స్ విద్యాసంస్థకు కోటి ముప్పది లక్షల డాలర్లు చెల్లించినది.

పూసల స్మృతి అప్పటికి ఏ పెద్ద యంత్రములోను నిలిచి పనిచేసినది కాదు. దేశరక్షణ వ్యవస్థను దానిపై ఆధారపరచుట సాహసము. విలియమ్ పేపియన్ అను పరిశోధక విద్యార్థి మొదట రెండు వరుసల చిన్న వల అల్లెను. తరువాత 16 వరుసలది. అది చాలక, ఈ స్మృతిని పరీక్షించుటకే ఒక ప్రత్యేక కంప్యూటరును కట్టిరి! దానిని నిర్మించినవాడు కెనెత్ ఓల్సెన్. 1957లో డిజిటల్ ఎక్విప్‌మెంట్ సంస్థను స్థాపించినవారిలో ఆయన ఒకడు. పరీక్షలో నెగ్గిన ఆ స్మృతిని 1953 ఆగస్టులో వర్ల్‌విండ్‌కు అమర్చిరి. ఫలము వెంటనే కనబడెను. స్మృతిలో తప్పు దొర్లుటకు మధ్య సగటు వ్యవధి 2 గంటలనుండి 2 వారములకు పెరిగినది. మరమ్మత్తునకు దినమునకు 4 గంటలు పట్టుచుండగా, వారమునకు 2 గంటలకు తగ్గినది. యంత్రపు వేగము ఇంచుమించు రెండింతలైనది.

యంత్రమును తయారు చేయువారెవరు అను ప్రశ్న ఇంతలోనే తీర్మానమై యుండెను. 1952లో ఫారెస్టర్, ఎవరెట్ తమ సహచరులతో రెమింగ్టన్ రాండ్, రేతియాన్, ఐ.బి.ఎం. సంస్థల కర్మాగారములను స్వయముగా చూచి, ఒక్కొక్క గుణమునకు ఇంత విలువ యని మార్కులు వేసిరి. పేరు ప్రతిష్ఠలను బట్టి చూచినచో రెమింగ్టన్ రాండ్ గెలువవలసినది. యూనివాక్ కంప్యూటరు వారిదే. 1951లోనే దానిని జనాభా లెక్కల శాఖకు అందజేసిరి. అణుబాంబు నిర్మాణమును నడిపిన జనరల్ గ్రోవ్స్ కూడ వారి కొలువులోనే ఉండెను. ఐ.బి.ఎం. అంతవరకు ముఖ్యముగా చిల్లుల కార్డుల యంత్రములను చేయు సంస్థ. దాని మొదటి పెద్ద ఎలక్ట్రానిక్ కంప్యూటరు అప్పుడే తయారగుచుండెను. ఐనను 1952 అక్టోబరులో పని ఐ.బి.ఎం.కు దక్కినది. పరీక్షకులను ఆకర్షించినవి వేరు సంగతులు: ప్రయోగశాలకు కర్మాగారమునకు నడుమ చక్కని పొందిక, చిక్కని యంత్రములను ఒకే తీరున పదులు వందలుగా చేయు అలవాటు, దేశమంతట వ్యాపించిన మరమ్మత్తు ఉద్యోగులు. ఒక్క అద్భుత యంత్రమును కట్టగలవారు ఇతరులును ఉండిరి. ఒకే విధమైన యాబది యంత్రములను కట్టి, వాటిని మారుమూలల నిలిపి నడుపగలవారు కావలసి వచ్చిరి. ఇందులో ఫారెస్టర్ తీర్పు సరియైనదనియే చెప్పవలెను.

1953 వేసవిలో రెండు పక్షముల ఇంజనీర్లు తమ ఊళ్ళకు నడుమ నున్న హార్ట్‌ఫర్డ్ పట్టణమున కూడి, ఒక్కొక్క భాగమును గూర్చి దినముల తరబడి వాదించి తీర్మానములు చేసిరి. ఆ సమావేశములకు వారు పెట్టుకొన్న పేరు ‘ప్రాజెక్ట్ గ్రైండ్’. తిరుగలి పట్టుట అని మనము అనుకొనవచ్చును.

ఇచ్చట ఒక ప్రశ్న పుట్టును. 1947 డిసెంబరులో బెల్ ప్రయోగశాలలలో ట్రాన్సిస్టరు పుట్టినది. అది వాల్వువలె వేడెక్కదు, చిన్నది, తక్కువ విద్యుత్తుతో పనిచేయును. ఎవరును నమ్మని పూసల స్మృతిని ధైర్యముగా స్వీకరించినవారు, లోకమంతయు పొగడుచున్న ట్రాన్సిస్టరును ఏల త్రోసిపుచ్చిరి? రెండును క్రొత్తవే గదా!

వారి మనస్సు చంచలమని కాదు. పూసలను వారు తామే అల్లి, తమ యంత్రములోనే నెలల తరబడి పరీక్షించిరి. అవి చెడు తీరు కూడ వారికి తెలియును. పైగా పాత గొట్టముల స్మృతి అప్పటికే చేతులెత్తివేసినది. పూసలు కాదన్నచో వేరు గతి లేదు. ట్రాన్సిస్టరు సంగతి అట్లు కాదు. 1953లో దొరకుచున్నవి ఒకదానితో మరియొకటి పోలెడివి కావు. వేడికి, తేమకు వాటి గుణములు మారెడివి. వాటిని కోరిన వేగముతో, కోరినన్ని సరఫరా చేయగలవారు లేరు. అదే కాలమున వాల్వుల జబ్బు ఏదో వారు కనుగొని యుండిరి, మందు కూడ తెలిసియుండెను. ట్రాన్సిస్టరులతో నడచు ‘టి.ఎక్స్.-0’ అను ప్రయోగ యంత్రమును లింకన్ ప్రయోగశాల 1956లో గాని పూర్తి చేయలేదు. అంతవరకు ఆగినచో రాడారు వలకు మెదడు ఉండెడిది కాదు.

ఇక యంత్రము ఆగకుండుటకు చివరి ఉపాయము జంట. ప్రతి కేంద్రములోను సరిగా ఒకే రకమైన రెండు కంప్యూటరులను పెట్టిరి. ఒకటి పని చేయుచుండగా రెండవది సిద్ధముగా ఉండి, మొదటి దానినుండి ఎప్పటికప్పుడు సమాచారమును అందుకొనుచుండెను. వోల్టేజి పరీక్షలు, వాల్వుల మార్పిడి రెండవ దానిపై జరిగెడివి. మొదటిది తడబడినచో కొద్ది క్షణములలో రెండవది భారము వహించెను. ఖర్చు రెండింతలు; ప్రయోజనమెంత? మరల ఒక లెక్క చూతము. ఒక యంత్రము ప్రతి 50 గంటలలో ఒక గంట మూలబడునని అనుకొన్నచో, ఏడాదిలో 175 గంటలు అది పనికిరాదు. రెండును ఒకేసారి మూలబడు అవకాశము 50 × 50, అనగా 2,500లో ఒక వంతు. ఏడాదికి 8,760 గంటలు కనుక, సుమారు మూడున్నర గంటలు. ఒక యంత్రమును చెడగొట్టు కారణము రెండవ దానిని కూడ తాకనంతవరకే ఈ గుణకారము చెల్లును. ఒకే విద్యుత్తు తీగపై రెండింటిని వ్రేలాడదీసినచో లెక్క తారుమారగును. వాస్తవమున సేజ్ కేంద్రములు ఏడాదికి సగటున సుమారు 4 గంటలు మాత్రమే పని ఆపినట్లు లెక్కలున్నవి.

మొదటి కేంద్రము 1958 జూలై 1వ తేదీన న్యూజెర్సీలోని మెక్‌గ్వైర్ విమానస్థావరమున పని ప్రారంభించెను. కాంక్రీటుతో కట్టిన నాలుగంతస్తుల కట్టడములో జంట యంత్రములు, 250 టన్నులకు పైగా బరువు, రెండింట కలిపి సుమారు 50,000 వాల్వులు, 3 మెగావాట్ల వరకు విద్యుత్తు. వేడిని తొలగించు చల్లని గాలికే పెద్ద యంత్రశాల కావలసి వచ్చెను. చీకటి గదులలో తెరల యెదుట కూర్చున్న ఉద్యోగులు తుపాకి ఆకారపు కాంతి సాధనమును తెరపై చుక్కకు గురిపెట్టి, ‘ఇదెవరు?’ అని యంత్రమును అడిగెడివారు. ఇట్టి కేంద్రములు రెండు డజన్లు వెలసినవి. ఎంత స్మృతి చాలునను విషయములో మాత్రము నిర్మాతల అంచనా తప్పినది. మొదట 8,192 పదములు చాలుననుకొనిరి. ప్రోగ్రాము పెరిగి పెరిగి అందులో ఇమడకపోగా, దానిని ముక్కలుగా చేసి అయస్కాంతపు డ్రమ్ములపై దాచి, కావలసినది కావలసినప్పుడు తెచ్చుకొనిరి. తుదకు స్మృతిని 69,632 పదములకు పెంచవలసి వచ్చెను. ఈ పెద్ద స్మృతిని పరీక్షించుటలో తోడ్పడినది ఆ ట్రాన్సిస్టరుల టి.ఎక్స్.-0 యంత్రమే.

యంత్రములు ఆగలేదు, కాలము ఆగలేదు. సోవియట్ యూనియన్ 1957లో ఖండాంతర క్షిపణిని పరీక్షించి, ఆ అక్టోబరు 4న స్పుత్నిక్‌ను ప్రయోగించెను. బాంబరులను పట్టుటకు అల్లిన వల క్షిపణులను పట్టజాలదు. పైగా నేలమీద కట్టిన ఆ కేంద్రములే క్షిపణులకు సులభమైన గురి. భూగర్భమున నిర్మింపదలచిన కేంద్రముల కొరకు ట్రాన్సిస్టరులతో క్రొత్త యంత్రమును రూపొందించిరి గాని, ఆ ప్రణాళిక 1960లో రద్దయ్యెను. ఆ యంత్రము ఒక్కటే తయారై, కాలిఫోర్నియాలోని ఒక పరిశోధన సంస్థకు చేరినది.

పూసల స్మృతి మాత్రము సైనిక స్థావరముల గోడలు దాటి లోకమంతట వ్యాపించినది. 1960లో బొంబాయి టాటా మౌలిక పరిశోధన సంస్థలో పూర్తియైన ‘టిఫ్రాక్’ కంప్యూటరులో కూడ 2,048 పదముల పూసల స్మృతియే ఉండెను. ఐ.బి.ఎం. తాను నేర్చిన విద్యతో అమెరికన్ ఎయిర్‌లైన్స్ విమానములకు టిక్కెట్లు కేటాయించు ‘సేబర్’ వ్యవస్థను నిర్మించినది. అందులోను కంప్యూటరులు రెండే: ఒకటి పనిలో, ఒకటి సిద్ధముగా.

కెనడాలోని నార్త్ బే వద్ద మాత్రము జంట యంత్రములను కొండ రాతిని తొలచి భూగర్భమున స్థాపించిరి. 1963లో పనికి దిగిన ఆ యంత్రములు, ప్రపంచమంతట వాల్వు కంప్యూటరులు మూలబడి ట్రాన్సిస్టరులును, తరువాత సిలికాన్ చిప్పులును వచ్చిన పిమ్మట కూడ, దినదినము వోల్టేజి పరీక్షలకు నిలుచుచు, 1983 వరకు పనిచేసినవి.